ఎస్సెన్ ఆటల మేళా: హాళ్ళు, బసలు, రాత్రిపూట బల్లలు

జర్మనీలోని ఎస్సెన్‌లో ఏటా అక్టోబరులో జరిగే ‘ష్పీల్’ బోర్డ్ గేమ్స్ మేళాకి వెళ్ళాలనుకునేవాళ్ళు అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఎక్కడ దిగాలన్నది. ఆటల మీద రివ్యూలు రాసే నాలాంటివాళ్ళకైతే అది మరీ ముఖ్యం. పగలంతా హాళ్ళలో ఆటల్ని చూస్తాం, కాస్త రుచి చూస్తాం, కొంటాం. మొదలు నుంచి చివరిదాకా ఆడేది మాత్రం రాత్రి, దిగిన చోట. అక్కడ నలుగురు కూర్చునే బల్ల, మంచి వెలుతురు లేకపోతే పెట్టిన ఖర్చులో సగం నీళ్ళపాలే.

మేళా గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. 1983లో ఒక ఆటల పత్రిక పాఠకులు ఒకచోట కలుసుకోవడంతో ఇది మొదలైంది. ఇప్పుడు గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులు, మెస్సె ఎస్సెన్ ఎగ్జిబిషన్ హాళ్ళలో జరుగుతుంది. 2019లో 2,09,000 మంది వచ్చారు. కోవిడ్ దెబ్బ నుంచి కోలుకుని 2024లో మళ్ళీ 2,04,000కి చేరింది, ఆ ఏడాది టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. న్యూరెంబర్గ్‌లో జరిగే పెద్ద బొమ్మల ఫెయిర్‌లోకి వ్యాపారులకే ప్రవేశం. ఇక్కడ అలా కాదు. టికెట్ కొన్నవాళ్ళెవరైనా లోపలికి వెళ్ళి, కూర్చుని ఆడి, నచ్చితే అక్కడే కొనుక్కోవచ్చు. ఈ మేళాకి అసలు బలం అదే.

డెమో టేబుళ్ళ సేవకి నేను మంచి మార్కులే వేస్తాను. పెద్ద స్టాళ్ళలో ఆట నేర్పడానికే మనుషులుంటారు. జర్మన్ రాదంటే వెంటనే ఇంగ్లీషులోకి మారిపోతారు. పైసా తీసుకోరు, కొనమని ఒత్తిడి పెట్టరు. టేబుల్ దొరకడమే కష్టం. ఆట చివరికొచ్చిన టేబుల్ ఏదో కనిపెట్టి, ఆడేవాళ్ళ వెనక ఓపిగ్గా నిలబడాలి. శనివారం మధ్యాహ్నం ఆ పని దాదాపు అసాధ్యం. గురువారం పొద్దున హాళ్ళు తెరిచిన మొదటి గంటే మేలు. ఆదివారం జనం కొంచెం పల్చబడతారు కానీ, అప్పటికి గిరాకీ ఉన్న ఆటలు అయిపోయి ఉంటాయి.

అయితే ఆ టేబుల్ మీద చూసిందాన్ని బట్టి రివ్యూ రాయకూడదని నా గట్టి అభిప్రాయం. రద్దీ వల్ల చాలాచోట్ల రెండు మూడు రౌండ్లే ఆడనిస్తారు. ఏ ఆటకైనా మొదటి రెండు రౌండ్లు ముద్దుగానే ఉంటాయి. చేతినిండా ముక్కలుంటాయి, బోర్డు ఖాళీగా ఉంటుంది, ఎటు చూసినా దారులే. ఆట బిగుసుకునేది చివర్లో. వెనకబడినవాడు ముప్పావుగంట ఊరికే కూర్చోవాల్సి వస్తుందా, పాయింట్లు లెక్కపెట్టడానికి కాగితం, పెన్ను కావాలా, ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి. పైగా నేర్పే మనిషి పక్కనే ఉంటాడు కాబట్టి రూల్‌బుక్ తెరిచే పనే పడదు. మేళాలో నాకు బాగా నచ్చిన ఒక ఆటని ఆ రాత్రే విప్పి ఆడాం. వేలంలో ఇద్దరు ఒకే మొత్తం పాడితే ముక్క ఎవరికి దక్కాలో రూల్‌బుక్ ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికినా లేదు. హాల్లో మాకు ఆట నేర్పిన అమ్మాయి అదే ప్రశ్నకి చిటికెలో జవాబు చెప్పింది. ఆ జవాబు కొన్నవాళ్ళ ఇంటికి పెట్టెతో పాటు రాదు కదా.

జర్మనీలో ఏటా ఇచ్చే ‘ష్పీల్ డెస్ యారెస్’ బహుమతి మీద నాకు గౌరవం ఎక్కువ కావడానికి కారణం ఇదే. 1979లో మొదటిసారి డేవిడ్ పార్లెట్ రూపొందించిన కుందేలు-తాబేలు ఆటకి ఇచ్చారు. జ్యూరీలో ఉండేది ఆటల విమర్శకులే. వాళ్ళు చూసేవి ఆలోచనలో కొత్తదనం, రూల్స్ ఎంత తేటగా ఉన్నాయి, బోర్డు, పెట్టె, రూల్‌బుక్ ఎలా అమర్చారు, సామగ్రి ఎంత బాగా చేశారు అన్నవి. డెమో టేబుల్ మీద మొదటిది, చివరిది తెలుస్తాయి. మధ్యలో రెండూ తెలియాలంటే పెట్టెని మనమే విప్పాలి. బహుమతితో పాటు నగదేమీ ఉండదు. పెట్టె మీద ఆ ఎర్ర పావు గుర్తు పడితే చాలు, అమ్మకాలు ఎక్కడికో వెళ్తాయి. 1995లో క్లాస్ టాయ్‌బర్ చేసిన కతాన్‌కి ఆ గుర్తు దక్కింది, తర్వాత ఆ ఆట ప్రపంచమంతా తిరిగింది.

ఇక బస. ఎగ్జిబిషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో రూటెన్‌షైడ్ అనే పేట ఉంది. హోటళ్ళు, తినే చోట్లు బోలెడు. మధ్యాహ్నం ఒకసారి గదికి వచ్చి కొన్న పెట్టెలు పడేసి వెళ్ళొచ్చు. ఇది చిన్న సుఖం కాదు. ఒక్కో పెట్టె ముప్పై సెంటీమీటర్ల చదరం, అయిదారు కొంటే భుజాలు పడిపోతాయి. కాకపోతే మేళా రోజుల్లో రేట్లు మండిపోతాయి, గదులు చాలా నెలల ముందే నిండిపోతాయి. రైల్వే స్టేషన్ చుట్టుపక్కల దిగితే యు11 మెట్రో ఎక్కి పది నిమిషాల్లోపే ఎగ్జిబిషన్ దగ్గరి గ్రూగా స్టాపులో దిగొచ్చు. పొద్దున పూట అందులో ఊపిరాడదు, అయినా నడుస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళు డ్యూసెల్‌డార్ఫ్‌లోనో బోఖుమ్‌లోనో దిగితే డబ్బు మిగలొచ్చు కానీ, సాయంత్రం రైలు ఆలస్యమైతే పెట్టెలు మోసుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడే టెన్షన్ ఉంటుంది. ఆటలు ఆడే ఓపిక అక్కడే అయిపోతుంది.

స్టేషన్ దగ్గర నేను దిగిన ఒక హోటల్ గది శుభ్రంగానే ఉంది, టిఫిన్ బాగుంది. కానీ కింద లాంజ్‌లో ఉన్నవన్నీ కాఫీ కప్పులు పెట్టుకునే చిన్న గుండ్రటి బల్లలు. లైట్లు ఎంత పసుపంటే ఎర్ర కట్టెముక్కకీ గోధుమరంగు ముక్కకీ తేడా తెలియలేదు, ఫోన్ టార్చి వేసుకుని ఆడాం. పది కాగానే లేవమన్నారు. ఫోటోల్లో ఎంతో అందంగా కనిపించిన లాంజే అది. దీనికి భిన్నంగా రూటెన్‌షైడ్‌లో దిగిన చిన్న గెస్ట్‌హౌస్‌లో గది ఇరుకు, లిఫ్ట్ లేదు, సామాను మూడంతస్తులు మోశాం. అయినా నా ఓటు దానికే. మేళా జరిగినన్ని రోజులూ టిఫిన్ గదిని రాత్రి కూడా తెరిచి ఉంచారు. పొడవాటి చెక్క బల్లలు. కౌంటర్‌లో ఉండే పెద్దాయన మేం కళ్ళు చికిలించడం చూసి లోపలి నుంచి టేబుల్ ల్యాంప్ తెచ్చిపెట్టాడు.

ఆ గదిలోనే ఒక రాత్రి పక్క బల్ల దగ్గర అరవై దాటిన భార్యాభర్తలు స్కై టీమ్ ఆడుతుంటే చూశాను. 2024లో ఎర్ర పావు గుర్తు దక్కిన ఆట అది. ఇద్దరూ పైలట్లు, కలిసి విమానాన్ని దించాలి. ఎవరి తెర వెనక వాళ్ళు నాలుగేసి పాచికలు వేసుకుంటారు. వేశాక వాటి గురించి మాట్లాడకూడదు. ఒకరు నీలం పాచిక పెడితే ఇంకొకరు నారింజ రంగుది పెట్టాలి, రెండిటికీ ఎంత తేడా ఉంటే విమానం అంత ఒరుగుతుంది. ఆవిడ అయిదు పెట్టింది. ఆయన చాలాసేపు తన పాచికల వంకే చూసి రెండు పెట్టాడు. విమానం మూడు గడులు ఒరిగి ఆట అక్కడికక్కడే అయిపోయింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పగలబడి నవ్వి, వెంటనే మళ్ళీ పరిచారు. మళ్ళీ పరచాలనిపించిందా లేదా అన్నదే ఏ ఆటకైనా నేను పెట్టే పెద్ద పరీక్ష. హాల్లో ఆ పరీక్ష పెట్టే వీలే లేదు, వెనక జనం నిలబడి ఉంటారు.

రివ్యూ కాపీల సంగతి కూడా చెప్పాలి. రాసేవాళ్ళకి కంపెనీలు ఉచితంగా ఆటలిస్తాయి, అది ఈ రంగంలో మామూలే. మేళాలో అపాయింట్‌మెంట్ అడిగితే ఒక్కోసారి ఆటని తయారుచేసిన మనిషే ఎదురుగా కూర్చుని ఆడిస్తాడు. ఏళ్ళ తరబడి పడ్డ కష్టాన్ని కళ్ళలో వెలుగుతో చూపించే మనిషి ముందు బాగాలేదని చెప్పడానికి నోరు రాదు. అందుకే అక్కడ నేను అభిప్రాయం చెప్పను, ఆడి రాస్తానని మాత్రం అంటాను. ఉచితంగా వచ్చిన ఆటైతే ఆ సంగతి రివ్యూ మొదటి వాక్యాల్లోనే రాస్తాను. చదివేవాడు తన డబ్బు పెట్టి కొనబోతున్నాడు, అతనికి తెలియాలి.

తిండి విషయంలో హాళ్ళ మీద ఆశ పెట్టుకోవద్దు. శాకాహారులకి ఎక్కువగా బంగాళదుంప వేపుళ్ళు, బ్రెడ్డు రకాలే. ప్లాస్టిక్ నీళ్ళ సీసా మీద 25 సెంట్లు డిపాజిట్ కడతాం, ఖాళీ సీసా తిరిగిస్తే ఆ డబ్బు వస్తుంది, పారేయకండి. చిన్న స్టాళ్ళ కోసం కొంత నగదు దగ్గరుంచుకోండి. ఆదివారం ఊళ్ళో దుకాణాలు మూసేస్తారు. మేళాతో విసుగొస్తే 107 నంబరు ట్రామ్ ఎక్కి త్సోల్‌ఫెరైన్ బొగ్గుగని చూసి రావచ్చు. 1986లో మూతపడింది, 2001 నుంచి యునెస్కో వారసత్వ స్థలం.

ఎస్సెన్ నుంచి న్యూరెంబర్గ్‌కి రైల్లో నాలుగు గంటల దాకా పడుతుంది. ఆటల చరిత్ర మీద ఆసక్తి ఉంటే తప్పకుండా వెళ్ళాల్సిన ఊరు. అక్కడి ఆటల భాండాగారంలో 30 వేలకు పైగా ఆటలు దాచారు. పచ్చీసు నుంచి పుట్టి, 1914 నుంచి పెద్ద ఎత్తున తయారై, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక ఆసుపత్రులకి వెళ్ళిన జర్మన్ ఆట ‘మెన్ష్ ఎర్గెరె డిష్ నిష్ట్’ గురించి తెలుసుకుంటే, నలుపలకల బోర్డు మీద అవే పావుల్ని చూడడం వేరుగా ఉంటుంది. 1988లో అక్కడి బొమ్మల ఫెయిర్‌లోనే కొందరు ఆటల రూపకర్తలు బీరు గ్లాసు కింద పెట్టే అట్ట మీద సంతకాలు చేశారు, పెట్టె పైన మా పేరు వేయకపోతే ఆట ఇవ్వం అని. ఇవాళ మేం ఒక రూపకర్త పాత ఆటకీ కొత్త ఆటకీ పోలిక తెచ్చి రాయగలుగుతున్నామంటే ఆ సంతకాల పుణ్యం చాలా ఉంది. టాయ్ మ్యూజియం చూడడానికి బాగుంటుంది, పిల్లలకి మరీ. నాకైతే అద్దం వెనక ఉన్న ఆట ఎంత అందంగా ఉన్నా దాని మీద రాయడానికి ఏమీ దొరకదు.

స్కాట్ పేకాట పుట్టిన ఆల్టెన్‌బుర్గ్ కూడా చాలామంది చూడమంటారు. కోటలో పేకముక్కల మ్యూజియం ఉంది, 1903లో కట్టిన స్కాట్ ఫౌంటెన్ నీళ్ళలో ఆటగాళ్ళు కొత్త పేకని అదృష్టం కోసం తడుపుతారు. లైప్‌జిగ్ నుంచి లోకల్ రైల్లో గంటలోపే. లైప్‌జిగ్‌లో పని ఉంటే వెళ్ళండి. లేకపోతే ఆ రోజు కూడా రూటెన్‌షైడ్‌లోనే ఉండిపోండి. కొన్నవాటిలో రెండోసారి ఆడి చూడాల్సినవి ఇంకా మిగిలే ఉంటాయి, నలుగురు తోడు దొరికే ఊరూ అదే.