నావూ వెళ్తే కాఫీ ఫ్లాస్కు మరిచిపోకండి

ఆరు నెలలు ఉందామని వచ్చిన నాన్నకి మూడో నెలకే మా బ్లూమింగ్టన్ విసుగెత్తిపోయింది. చికాగో చూశారు, నయాగరా చూశారు. "జనం తొక్కిడి లేని చోటేదైనా ఉంటే చెప్పమ్మా" అన్నారు. కారులో మూడు గంటల దూరంలో, ఇలినాయ్ పడమటి అంచున, మిసిసిపీ మెలిక తిరిగే చోట నావూ అనే చిన్న ఊరుంది. పులిహోర, పెరుగన్నం కట్టుకుని శుక్రవారం సాయంత్రం బయల్దేరాం.

ఇప్పుడు అక్కడ ఉండేది వెయ్యి మంది లోపే. 1840ల్లో మాత్రం మోర్మన్లు, అంటే జోసెఫ్ స్మిత్ అనే ఆయన్ని ప్రవక్తగా నమ్మే మతస్థులు, పది వేల పైచిలుకు ఉండేవారు. అంతకుముందు వాళ్ళుండేది పక్క రాష్ట్రం మిస్సోరీలో. 1838 అక్టోబరులో అక్కడి గవర్నర్ బాగ్స్, వీళ్ళని రాష్ట్రం దాటించండి, లేకపోతే తుడిచిపెట్టండి అని ఉత్తర్వు ఇచ్చాడు. దాన్ని అధికారికంగా రద్దు చేసింది 1976లో! అలా తరిమితే నది దాటొచ్చి, ఈ చిత్తడి నేలని బాగుచేసుకుని ఊరు కట్టుకున్నారు. పక్కూళ్ళ వాళ్ళతో గొడవలు ముదిరి, 1846 ఫిబ్రవరిలో మళ్ళీ బళ్ళు కట్టక తప్పలేదు, ఈసారి పడమటికి యూటా వైపు.

బస విషయంలో దెబ్బతిన్నాం. జూలైలో అక్కడ నాటక ప్రదర్శనలుంటాయి, ఊళ్ళో గదులన్నీ అయిపోయాయి. నది అవతల అయోవాలో ఓ మోటెల్ దొరికింది. ఏసీ కారి కార్పెట్ తడిసి, గదంతా ముక్కవాసన. మార్చమంటే కౌంటర్ కుర్రాడు రెండు తువ్వాళ్ళు చేతికిచ్చాడు. రెండో రాత్రికి ఎవరో రద్దు చేసుకున్న గది నావూలోనే, ఓ పాత ఇటుక ఇంట్లో దొరికింది. నలభై డాలర్లు ఎక్కువైనా నాన్న హాయిగా పడుకున్నారు. జూలైలో వెళ్ళేవాళ్ళు చాలా ముందే బుక్ చేసుకోండి.

చూపించే ఏర్పాట్లకి మాత్రం వంక పెట్టలేం. పాత ఇళ్ళు, రొట్టెల దుకాణం, తుపాకుల కొట్టు, గుర్రబ్బండి, దేనికీ పైసా అడగరు. గైడ్లలో చాలామంది రిటైరైన దంపతులు, సొంత ఖర్చులతో వచ్చి సేవ చేస్తున్నవాళ్ళు. కమ్మరి కొలిమి దగ్గర ఓ పెద్దాయన నాడాకి కొట్టే మేకుని కడ్డీకి చుట్టి, టకటకా నాలుగు దెబ్బలేసి ఉంగరం చేసి నాన్నకిచ్చాడు. చిటికెన వేలికి సరిగ్గా పట్టింది. కాఫీ ఎక్కడ దొరుకుతుందని అడిగితే నవ్వి మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. వాళ్ళ మతంలో కాఫీ, టీ నిషిద్ధం. ఫ్లాస్కేమో నేను వంటింటి గట్టు మీదే వదిలేసొచ్చాను.

నాన్న మాత్రం కనబడ్డ ప్రతి గైడునీ ఒకటే ప్రశ్న అడిగారు. నేను మధ్యలో దుబాసీని. "అసలు పక్కూళ్ళ వాళ్ళకి వీళ్ళ మీద అంత కోపం దేనికి?" మా విశ్వాసం నచ్చక, అని మర్యాదగా జవాబు. అది అబద్ధం కాదు, కానీ నాన్నకి ఆనలేదు. సాయంత్రం నది ఒడ్డున నేను చదివింది చెప్పాను. ఊరి చార్టరు (రాష్ట్రం ఇచ్చిన అధికార పత్రం) బలంతో బయటి వారెంట్ల మీద పట్టుకున్నవాళ్ళని కూడా వీళ్ళ కోర్టే విడిపించేది. నావూ లీజియన్ అని సొంత సైన్యం. మేయరు, సైన్యాధిపతి, ప్రవక్త ముగ్గురూ జోసెఫ్ స్మిత్ ఒక్కడే. ఎన్నికలొస్తే ఓట్లన్నీ గంపగుత్తగా ఒకే వైపు. అక్కడ నాన్న నన్ను ఆపేశారు. "ఊరంతా ఒకే గుర్తుకి గుద్దేస్తే పక్కూరి ప్రెసిడెంటుకి నిద్ర పడుతుందా!" ఆ తర్వాత మతం గురించి ఆయన అడగలేదు.

మర్నాడు కార్తేజ్, అరగంట ప్రయాణం. జోసెఫ్ స్మిత్ చనిపోయిన పాత జైలు అక్కడే. జోసెఫ్ సొంతవాళ్ళే కొందరు ఎదురుతిరిగి, ఆయన బహుభార్యత్వం గుట్టు బయటపెడుతూ 1844 జూన్ 7న పత్రిక తెచ్చారు. ఒక్క సంచికే వచ్చింది. నగర కౌన్సిల్ ప్రెస్సు పగలగొట్టించింది. ఆ గొడవలోనే జోసెఫ్, అన్న హైరమ్ ఈ జైలుకొచ్చారు. రక్షణ ఇస్తానన్న ఇలినాయ్ గవర్నర్ ఫోర్డ్ జూన్ 27న నావూలో ఉపన్యసిస్తున్న వేళ, మొహాలకి మసి పూసుకున్న గుంపు మెట్లెక్కి అన్నదమ్ములిద్దర్నీ చంపేసింది. మేడ మీద గది తలుపులో తూటా చిల్లు అలాగే ఉంది, చూపుడువేలు పట్టేంత. నాన్న చెయ్యి చాచి, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకున్నారు. జోసెఫ్ దగ్గరా పిస్టల్ ఉందనీ, కాల్చాడనీ గైడే దాచకుండా చెప్పింది. అది నాకు నచ్చింది. హత్య కేసు విచారణలో అయిదుగురు ముద్దాయిలు, వాళ్ళలో దగ్గర్లోని వార్సా అనే ఊరి పత్రిక సంపాదకుడు థామస్ షార్ప్ ఒకడు. 1845లో అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు.

ఒక్కటే చూడగలిగితే కార్తేజ్ చూడండి, గంట చాలు. నావూ గుడి 2002లో మళ్ళీ కట్టింది, బయటివాళ్ళకి లోపలికి ప్రవేశం లేదు. దానికన్నా నది ఒడ్డున సమాధులే నాకు గుర్తున్నాయి. అన్నదమ్ముల పక్కన జోసెఫ్ భార్య ఎమ్మా. చాలామంది యూటా దారి పట్టినా ఆవిడ వెళ్ళలేదు. మోర్మనేతరుణ్ణి మళ్ళీ పెళ్ళి చేసుకుని ఆ ఊళ్ళోనే కన్నుమూసింది.

తిరుగు దారిలో కార్తేజ్ పెట్రోలు బంకులో దొరికిన చప్పటి కాఫీ తాగుతూ మౌంటెన్ మెడోస్ సంగతి చెప్పాను. 1857 సెప్టెంబరులో దక్షిణ యూటాలో, ఆర్కన్సా నుంచి కాలిఫోర్నియా పోతున్న బిడారులో సుమారు 120 మందిని చంపింది మోర్మన్ల సైన్యమే. నాన్న ఉంగరం తిప్పుకుంటూ కాసేపు మాట్లాడలేదు. "అక్కడికెంత దూరం?" అన్నారు. అటు వెళ్ళడానికి లాస్ వేగస్‌కి టికెట్లు చూస్తున్నాను.