ఫోర్డా, షెవర్లేనా, క్రైస్లరా? మజిల్ కారు ఎవరిది మేలో ఇంజిన్ వెనక చూస్తే తెలుస్తుంది

అమెరికాలో పాత మజిల్ కారు (మామూలు సైజు కారులో పెద్ద వీ8 ఇంజిన్ వేసిన వేగపు బండి) కొనాలనుకునే మనవాళ్లు తిప్పి తిప్పి అడిగేది ఇదే: ముగ్గురిలో ఎవరు బాగా చేశారు? ఇక్కడ చెప్పేదంతా 1964 నుంచి 1971 దాకా వచ్చిన కార్ల గురించి. 1971లో షెవర్లే యజమాని జీఎం (జనరల్ మోటార్స్) ఇంజిన్ల కంప్రెషన్ తగ్గించింది, 1972 నుంచి హార్స్‌పవర్‌ను నెట్ లెక్కలో, అంటే బండిలో ఉన్నట్టే అన్నీ బిగించి కొలిచి, చెప్పడం మొదలైంది. ఆ తర్వాతి బండ్లది వేరే లెక్క.

పోలిక అనగానే అందరూ ముందు హార్స్‌పవర్ అంకెలు తీస్తారు. 1970 షెవర్లే షెవెల్ ఎస్ఎస్‌లోని ఎల్ఎస్6 454 ఇంజిన్‌కి (ఇంజిన్ పేరులోని ఇలాంటి అంకె క్యూబిక్ అంగుళాల్లో దాని సైజు) 450, క్రైస్లర్ 426 స్ట్రీట్ హెమీకి 425, ఫోర్డ్ 428 కోబ్రా జెట్‌కి 335. వీటిని పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పకండి. ఇవన్నీ గ్రాస్ అంకెలు, అంటే బండిలో ఉండే ఎయిర్ క్లీనర్, సైలెన్సర్ లేకుండా బెంచి మీద కొలిచినవి. పైగా కోబ్రా జెట్‌ది ఫోర్డ్ బాగా తగ్గించి చెప్పిన అంకె. టైరుకు పొగ తెప్పించే ఇంజిన్ ముగ్గురి దగ్గరా ఉంది. ఆ బలం ఇంజిన్ దాటి నేలను చేరేలోపు ఏమవుతుందన్న దగ్గరే అసలు తేడా, నా లెక్కలో క్రైస్లర్ గెలిచేదీ అక్కడే.

లారీ కింద కమాన్ కట్టలు చూసినవాళ్లకు ఇది వెంటనే తెలిసిపోతుంది. క్లచ్ వదలగానే చక్రాలు ముందుకు తిరగబోతాయి, యాక్సిల్ హౌసింగ్ దానికి ఎదురు తిరగజూస్తుంది, పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ తిప్పే చిన్న గేరు) మూతి పైకి లేస్తుంది. హౌసింగ్‌ను ఆపాల్సింది కమాన్ పట్టీలే. అవి మెత్తగా ఉంటే పాములా మెలిపడతాయి. టైరు జారిన క్షణంలో ఆ మెలిక విడిపోతుంది, టైరు పట్టగానే మళ్లీ పడుతుంది. వెనక చక్రాలు దడదడా ఎగరడం అందుకే. ఆ దడలోనే క్రాస్ జాయింట్లు, యాక్సిల్ షాఫ్టులు విరుగుతాయి.

1967 కమారోకి షెవర్లే ఒంటి పట్టీ వేసింది. పెద్ద ఇంజిన్‌తో అది నిలవలేదు. 1968లో బలమైన మోడళ్లకు పట్టీల కట్ట ఇచ్చి, దడ తగ్గేందుకు వెనక షాక్ అబ్జార్బర్లలో ఒకదాన్ని యాక్సిల్‌కు ముందు, రెండోదాన్ని వెనక పెట్టింది. ఫోర్డ్ కూడా అదే ఏడాది 4 గేర్ల కోబ్రా జెట్ మస్టాంగ్‌లో షాక్‌లను అలాగే సర్దింది. క్రైస్లర్ మాత్రం యాక్సిల్‌ను కమాను నడిమధ్యన కాకుండా బాగా ముందుకు జరిపి బిగించింది. దాంతో ముందు ముక్క పొట్టిగా, గట్టిగా ఉండి హౌసింగ్‌ను తిరగనివ్వదు. వెనక ముక్క పొడుగ్గా ఉండి గతుకులు మింగుతుంది. హెమీ కార్లలో ఇంకో అడుగు ముందుకేసింది. ప్రొపెల్లర్ షాఫ్ట్ తిప్పుడుకు తేలిపోయేది కుడి వెనక చక్రం కాబట్టి, కుడి కట్టను ఎడమదానికన్నా గట్టిగా కట్టింది. అందుకే ఆ కార్లకు కొత్త కట్టలు కొనేటప్పుడు కుడి, ఎడమ విడిగా చెప్పి తెప్పించుకోవాలి. రెండు వైపులా ఒకే రకం వేస్తే క్రైస్లర్ పడ్డ శ్రమంతా పోయినట్టే.

ఇక యాక్సిల్. ఇందులో మొదటి మార్కు ఫోర్డ్ 9 అంగుళాలదానికే, సందేహం లేదు. క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద పళ్లచక్రం), పినియన్ ఉన్న ముద్ద మొత్తం ముందు నుంచి ఊడి వస్తుంది. బెంచి మీద పెట్టుకుని రేషియో మార్చుకోవచ్చు. పినియన్ చివర మూడో బేరింగ్ ఉంది కాబట్టి ఒత్తిడికి పక్కకు జరగదు. క్రైస్లర్ 8¾ కూడా ముందు నుంచి ఊడేదే, మామూలు వాడకానికి ధారాళంగా సరిపోతుంది. 4 గేర్ల హెమీకి క్రైస్లర్ ఏకంగా ఇంకా బరువైన డానా 60 యాక్సిల్ వేసింది. షెవర్లే 12 బోల్టుల యాక్సిల్‌లో గేర్లు గట్టివే. కానీ షాఫ్టును లోపల పట్టి ఉంచేది చిన్న సీ క్లిప్. షాఫ్టు విరిగితే చక్రం, డ్రమ్ముతో సహా బయటకు వచ్చేస్తుంది. డ్రాగ్ స్ట్రిప్‌లో (తిన్నటి దారి మీద పందేలు జరిగే చోట) షెవర్లేల కింద ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్ కనిపించడానికి ఇదొక పెద్ద కారణం.

గేర్‌బాక్స్‌లో క్రైస్లర్ ఏ-727 టార్క్‌ఫ్లైట్ ఆటోమేటిక్ ఆ కాలానికి గట్టిదనంలో పేరెన్నికగన్నది. దాని బలహీనత కూడా తెలిసి ఉండాలి. మొదటి గేర్లో టైర్లు కాలుస్తుండగా షాఫ్టో క్రాసో విరిగితే లోపలి వన్‌వే క్లచ్ వదిలేస్తుంది, ముందు డ్రమ్ము మితిమీరి తిరిగి పేలిపోవచ్చు. టైర్లు కాల్చాలంటే రెండో గేర్లోనే కాల్చాలి.

క్రైస్లర్‌ను ఇంతగా మెచ్చుకున్నాక దాని కరెంటు తీగల సంగతి దాచడం తప్పు. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్ కరెంటు ఇంజిన్ గదికీ క్యాబిన్‌కీ మధ్య గోడలోని కనెక్టర్ గుండా డ్యాష్‌బోర్డు అమ్మీటర్‌లోకి (కరెంటు ఎంత పారుతోందో చూపే మీటరు) వెళ్లి, మళ్లీ అదే కనెక్టర్ గుండా వెనక్కి వస్తుంది. ఆ కనెక్టర్ పిన్నులు చిలుము పడితే వేడెక్కి ప్లాస్టిక్ కరిగిపోతుంది. అమ్మీటర్ వెనక నట్టు వదులైతే బండి దారిలోనే ఆగుతుంది, ఒక్కోసారి తీగలు అంటుకుంటాయి. పాత తీగలు ఉంచి 100 ఆంపియర్ల కొత్త ఆల్టర్నేటర్ బిగిస్తే ఆ రోజు త్వరగా వస్తుంది. మందు సులువే. అమ్మీటర్ మీది రెండు తీగలను ఒకే బోల్టుకు కలిపి గట్టిగా ఇన్సులేట్ చేయండి. ఆల్టర్నేటర్ నుంచి స్టార్టర్ రిలేకు 8 గేజ్ తీగ ఒకటి నేరుగా లాగి, దానికి 12 గేజ్ ఫ్యూజిబుల్ లింక్ (ఫ్యూజులా కరిగి తెగే తీగ ముక్క) పెట్టండి. అమ్మీటర్ బదులు ఓల్ట్‌మీటర్ చూసుకోండి. ఇంకో మాట: 1970 దాకా ఈ కార్లలో ఎడమవైపు చక్రాల నట్లు ఎదురు మరలవి. తెలియక మామూలుగా తిప్పితే ఇంకా బిగుసుకుని స్టడ్ తెగుతుంది.

ఇంజిన్ సామాను చవగ్గా, ఎక్కడపడితే అక్కడ దొరకాలంటే షెవర్లేని కొట్టేది లేదు. 1955లో వచ్చిన స్మాల్ బ్లాక్ (షెవర్లే చిన్న వీ8) వంశం దశాబ్దాల పాటు సాగింది, భాగాలు చాలావరకు ఒకదానికొకటి పడతాయి. చూసుకోవలసినవి రెండే. 1985 దాకా వెనక మెయిన్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ వెనక కొసన ఆయిల్ ఆపేది) రెండు ముక్కలది, 1986 నుంచి ఒకే ముక్క. 400 ఇంజిన్‌కి మాత్రం దాని సొంత బ్యాలెన్సర్, ఫ్లెక్స్‌ప్లేట్ (క్రాంక్ షాఫ్ట్ ముందు, వెనక కొసల్లో బిగించేవి) కావాలి. కారు వైపు నుంచి చూస్తే ఇంజిన్ మౌంట్లు మార్చనిదే నడపొద్దు. మౌంటు తెగితే ఇంజిన్ లేచి యాక్సిలరేటర్‌ను లాగేస్తుందని 1971లో జీఎం 67 లక్షల షెవర్లేలను వెనక్కి పిలిచింది.

ఫోర్డ్‌తో చిక్కు వేరు. 302, 351 విండ్సర్, 351 క్లీవ్‌లాండ్, 390/428, 429 అంటూ ఇంజిన్ కుటుంబాలు ఎక్కువ. ఒకదాని సామాను ఇంకోదానికి పడుతుందనుకుని కొంటే డబ్బు పోతుంది. పాత 302 బ్యాలెన్సర్, ఫ్లైవీల్‌లకు 28 ఔన్సుల బ్యాలెన్స్, 1980ల నుంచి 50 ఔన్సులు. కలిపి వేస్తే ఇంజిన్ వణుకుతుంది. మస్టాంగ్‌లో విండ్‌షీల్డ్ కింద గాలి పెట్టె తుప్పు పడితే వాన నీరు కాళ్ల దగ్గరకు కారుతుంది. కొనేముందు అక్కడ బకెట్ నీళ్లు పోసి, కార్పెట్ ఎత్తి చూడాలి.

అసలుదా, తర్వాత తయారుచేసిందా అన్నదీ బ్రాండును బట్టే. ఫోర్డ్, క్రైస్లర్ విన్ నంబరులో (కారు గుర్తింపు నంబరు) ఐదో అక్షరం ఇంజిన్‌ను చెబుతుంది. 1970 క్రైస్లర్‌లో అక్కడ ఆర్ ఉంటే 426 హెమీ, వీ ఉంటే మూడు కార్బురేటర్ల 440. షెవర్లే 1971 దాకా విన్‌లో ఆరు సిలిండర్లా, వీ8ఆ అన్నది మాత్రమే చెప్పింది. 1966-68 షెవెల్ ఎస్ఎస్ 396కైతే విన్ 138తో మొదలవ్వాలి. 1969 నుంచి ఎస్ఎస్ ఒక ఆప్షనే కాబట్టి బిల్డ్ షీట్ (కారులో ఏమేం బిగించారో రాసిన ఫ్యాక్టరీ కాగితం) లేని కారుకు ఎస్ఎస్ ధర పెట్టొద్దు.

మిగతావాళ్ల మాట క్లుప్తంగా. 1964లో జీటీఓ కారుతో ఈ పోటీకి తెర లేపింది పాంటియాక్ (జీఎం బ్రాండే), ఆ గౌరవం దానిదే. 1970 బ్యూక్ జీఎస్ 455 స్టేజ్ 1 టార్క్ 510 పౌండ్-అడుగులు. ఏఎంసీ ఏఎంఎక్స్ మంచి బండి, సామాను కోసం వెతుక్కోవాలి. కొత్త కారే కావాలంటే వాదన అక్కర్లేదు: డాడ్జ్ చాలెంజర్ వీ8, షెవర్లే కమారో 2023తో ఆగిపోయాయి, వీ8తో మిగిలింది ఫోర్డ్ మస్టాంగ్. 2016లో కుడివైపు స్టీరింగ్‌తో మన దేశానికీ వచ్చింది ఇదే.

నన్ను ఒక్కటి ఎంచుకోమంటే హెమీ కాదు, 383 ఇంజిన్‌తో వచ్చిన 1968-70 ప్లిమత్ (క్రైస్లర్ బ్రాండు) రోడ్ రన్నర్. 335 హార్స్‌పవర్, అవే పొట్టి ముందు ముక్కల కమాన్లు, 8¾ యాక్సిల్, హెమీ ధరలో చిన్న వంతు. చూడ్డానికి వెళ్లినప్పుడు రంగు తర్వాత చూడండి. ముందు కింద దూరి, గేర్‌బాక్స్ కింద టార్షన్ బార్ (ముందు చక్రాలకు స్ప్రింగులా పనిచేసే కడ్డీ) వెనక కొసలు దూరే అడ్డ దూలాన్ని స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. దిగబడితే ఆ కారు వదిలేయండి. గట్టిగా నిలిస్తే బానెట్ ఎత్తి గోడ కనెక్టర్ చూడండి. కొద్దిగా కరిగి ఉన్నా పర్లేదు, తీగల ఖర్చు బేరంలో తగ్గించుకోవచ్చు.