తాగుడు మాన్పించాలంటే మాలా, సెంటరా, ఆస్పత్రి ఓపీనా?

మా బావ కొంచెం తేరుకున్నాడని తెలిసినప్పటి నుంచి చుట్టాలందరూ ఒకటే అడుగుతున్నరు, మావాడు కూడా తాగుతుండు, పత్తి పోయింది, అప్పులున్నయి, సచ్చిపోతా అంటుండు, ఎక్కడికి తీస్కపోవాలె అని. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

అన్నంలో పొడి కలిపి పెట్టుడు: వద్దు. అందులో డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించే మందు) ఉంటే, తెలియక తాగినోడికి వాంతులు, బీపీ పడిపోవుడు, ప్రాణం మీదికొస్తది.

అయ్యప్ప మాల: నేను తక్కువ చేయను, 41 రోజులు ఊరంతా స్వామీ అంటది, ఎన్నాళ్లకో ఆ మర్యాద దొరుకుతది. కానీ పొద్దున్నే క్వార్టర్ పడితే తప్ప చేతుల వణుకు ఆగని మనిషి ఒక్కసారిగా ఆపితే రెండ్రోజుల్లో ఫిట్స్ రావొచ్చు, లేనివి కనబడొచ్చు. 2020 లాక్‌డౌన్‌ల షాపులు మూసేస్తే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం ఎట్ల వచ్చిన్రో చూసినం కదా. ముందు డాక్టరు, తర్వాత మాల.

ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటరు: అన్నీ ఒకటే అనను గానీ మేం ముందు చేసిన పని ఇదే. పత్తి ఏరే టైంల నెలన్నర పెట్టినం, ఫీజుకి అక్క పుస్తెలతాడు కుదువ పెట్టింది. అక్కడున్నన్ని రోజులు చుక్క ముట్టలేదు, నిజమే. ఇంటికొచ్చిన వారానికి ఫైనాన్సోడు వచ్చి అరుగు మీద కూసున్నడు, ఆ సాయంత్రమే బావ బెల్టు షాపుకాడ.

ఇక ప్రభుత్వాస్పత్రి సైకియాట్రీ ఓపీ. లైన్ ఉంటది, ఒక పొద్దు పోతది, పిచ్చాసుపత్రి అని ఊళ్లె నవ్వుతరు. అయినా నా ఓటు దీనికే, ఎందుకంటే అక్కడి డాక్టరమ్మ ఎంత తాగుతావని అడగకముందు నిద్ర పడుతుందా అని అడిగింది. తర్వాత అప్పెంత, కౌలెంత, చనిపోవాలనిపిస్తుందా అని మొహం మీదే అడిగింది. అట్ల అడిగితే లేని ఆలోచన పుడతదని నేను భయపడ్డా, అదేం లేదంట, ఉన్నది బయటికొస్తదంట. బావ చానాసేపు నేల చూసి, అవును అన్నడు. మాకెవ్వరికీ చెప్పలే అప్పటిదాకా.

వణుక్కి తగ్గించుకుంటూ పోయే గోలీలు, బీ1 విటమిన్, డిప్రెషన్‌కి వేరే గోలీ ఇచ్చింది. అక్కను పక్కకు పిలిచి, పురుగుమందులు ఇంట్లో ఉంచొద్దు, తాగినప్పటి ఆ పది నిమిషాల కోపమే ప్రమాదం అన్నది. ఆ రోజే మంచం కింద డబ్బాలు పెదనాన్న కొట్టంలకు పోయినయి, పెట్టెకు తాళం, చెవి అక్క కొంగున.

ఆస్పత్రి దూరమైతే ముందు 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అని సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 నుంచి నడుస్తుంది, ఫ్రీ, రాత్రైనా తెలుగులో మాట్లాడతరు. ఇప్పుడే ఏమన్నా చేసుకునేటట్టుంటే మాత్రం ఒంటరిగా వదలకుండా దగ్గరి ఆస్పత్రికే పట్టుకపోండి.

బావ పూర్తిగా మానిండా అంటే, లేదు. దసరాకి తాగిండు. రెండ్రోజులు ఎవ్వరితో మాట్లాడలే, మూడోనాడు తనే ఓపీ చీటీ వెతుక్కుని పొద్దుగాల బస్సెక్కిండు.