ఆలెన్ హైస్కూల్ ఆటలు, ఈగిల్ స్టేడియం: తల్లిదండ్రుల కోసం ఒక సమీక్ష

డాలస్‌కు ఉత్తరాన కాలిన్ కౌంటీలో ఇల్లు కొనాలనుకునే తెలుగు కుటుంబాలు స్కూలు రేటింగులను ఎంతో శ్రద్ధగా చూస్తాయి కానీ, అక్కడ తమ పిల్లలకు ఆటల్లో చోటు దొరుకుతుందా అన్నది అంతగా పట్టించుకోవు. ఆలెన్ హైస్కూల్ విషయంలో మాత్రం అది చూడవలసిందే. పొరుగున ఉన్న ప్లేనో, ఫ్రిస్కో జనాభా పెరిగేకొద్దీ కొత్త హైస్కూళ్లు కట్టుకోగా, ఆలెన్ ఊరంతటికీ ఒక్క హైస్కూలునే నిలుపుకుంది. ఈ ప్రభుత్వ పాఠశాల బలమూ, అక్కడి పిల్లల ఇబ్బందీ ఆ నిర్ణయంలోనే ఉన్నాయి.

బలం అమెరికన్ ఫుట్‌బాల్‌లో కనిపిస్తుంది. 2008లోనూ, 2012 నుంచి 2014 వరకు వరుసగానూ, మళ్లీ 2017లోనూ ఈ జట్టు టెక్సస్ రాష్ట్ర ఛాంపియన్‌గా నిలిచింది. ఇక్కడ క్వార్టర్‌బ్యాక్‌గా (జట్టు దాడిని నడిపే ఆటగాడిగా) ఆరంభించిన 42 ఆటల్లో ఒక్కటీ ఓడని కైలర్ ముర్రే, తరవాత 2018లో ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకుని, వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్తవారిని ఎంచుకునే 2019 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందుగా ఎంపికయ్యాడు.

దాదాపు 6 కోట్ల డాలర్ల ఖర్చుతో, 18,000 మంది కూర్చునేలా 2012లో తెరిచిన ఈగిల్ స్టేడియం కోసం ఓటర్లే బాండ్లకు (ప్రజల తరఫున తెచ్చే అప్పుకు) సమ్మతించారు. రెండేళ్లు తిరగకముందే కాంక్రీటులో పగుళ్లు కనిపించడంతో 2014లో దానిని మూసివేయవలసి వచ్చింది. ఆ ఏడు సొంత మైదానం లేకుండానే జట్టు టైటిల్ గెలవడం నాకు స్టేడియం కంటే గొప్పగా తోస్తుంది. 2015లో తిరిగి తెరిచారు. అంత ప్రజాధనాన్ని ఒక మైదానానికి వెచ్చించడం ఎక్కువేనని నా అభిప్రాయం. అయితే స్టేడియంలోనే కుస్తీ జట్టుకు సాధన గది ఉండటం, ఆ జట్టు కూడా రాష్ట్ర టైటిళ్లు గెలుస్తూ రావడం ఆ ఖర్చుకు కొంత న్యాయం చేస్తున్నాయి.

శుక్రవారం రాత్రి ఆట చూడటానికి వెళ్లేవారు హాఫ్‌టైమ్‌లో దయచేసి సీట్లు వదిలి తినుబండారాల వరుసలో నిలబడవద్దు. నృత్యం చేసే డ్రిల్ టీమ్, జెండాలు తిప్పే కలర్ గార్డ్‌లతో కలిపి సుమారు 800 మంది ఉండే ఈగిల్ ఎస్కడ్రిల్ బ్యాండ్ బారులు తీరి దిగితే మైదానం ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండిపోతుంది. అన్ని వందల మంది ఒకే అడుగు వేయడం ఎంత సాధనో తెలియాలంటే పై వరుసల్లో కూర్చుని చూడాలి. ఐదు వేలకు పైగా విద్యార్థులున్న చోట వార్సిటీ జట్టు, అంటే స్కూలు ప్రధాన జట్టు, ఒక్కటే కనుక, ప్లేనోలో తేలికగా ఆడగలిగే పిల్లవాడికి ఇక్కడ అవకాశం రాకపోవచ్చు; అటువంటి పిల్లలకు వేల మంది ముందు నిలిచే భాగ్యం కల్పిస్తున్నది ఈ బ్యాండే. అందుకే ఫుట్‌బాల్ కంటే దీనికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఆటల్లో పడితే చదువు పాడవుతుందన్న భయానికి రాష్ట్ర నిబంధనే చాలావరకు జవాబు చెబుతుంది. 1984లో చట్టంగా వచ్చిన ‘నో పాస్, నో ప్లే’ ప్రకారం ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తక్కువ వస్తే, కొన్ని అడ్వాన్స్‌డ్ కోర్సులకు మినహాయింపు ఉన్నా, కనీసం మూడు వారాలు పోటీల్లో పాల్గొనే వీలు ఉండదు. మరొక నిబంధన ఇల్లు మారేవారు ముందే తెలుసుకోవాలి: కేవలం ఆటల కోసమే స్కూలు మారినట్టు తేలితే ఆ విద్యార్థి ఏడాది పాటు వార్సిటీ పోటీలకు అనర్హుడవుతాడు.