గైడుతో నా ఏడేళ్ల గొడవ: ఒక పాత టేబుల్ సా కథ

బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి లేచే ఈ రంపం మీద నాకు పెద్ద కంప్లయింట్లేమీ లేవు, ఒక్క గైడు తప్ప. ఫెన్స్ అంటారే, అదే. చెక్కను ఆనించి తోసే ఆ ఇనప బద్ద వంకరగా ఉంటే మిగతా మిషనంతా ఎంత గట్టిదైనా దండగే. ఆ సంగతి తలకెక్కడానికి నాకు రెండేళ్లు పట్టింది, పైగా గాజు పలకలు పగిలాయి.

2018 వేసవిలో సరిహద్దు అవతల, ఆంధ్రలో మూతపడిన ఒక సామిల్లులో ఈ మిషను పాత ఇనుము ధరకి దొరికింది. కంపెనీ పేరు రాయను. తప్పు తయారుచేసినవాళ్లదో, నాకంటే ముందు నలభై ఏళ్లు వాడినవాళ్లదో నేను తేల్చలేను. పోత ఇనుము బల్ల, పది అంగుళాల బ్లేడు, నలుగురం పడితేగాని ఆటో ఎక్కలేదు. మిగతా వివరాలు ఇలాంటివి చూసినవాళ్లకి తెలిసినవే.

నాది ఒడిశా పర్లాకిమిడిలో పటాల కొట్టు. జగన్నాథస్వామి పటాలు, వెంకన్న పటాలు, పెళ్లి ఫొటోలు, పోయినవాళ్ల ఫొటోలు. పని చిన్నదే కానీ గైడు తప్పుని ఇంత నిర్దాక్షిణ్యంగా బయటపెట్టే పని ఇంకోటి లేదు. తలుపు చెక్కలో అర నూలు (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు) తేడా వస్తే చిత్రిక పట్టి సర్దేయవచ్చు. ఫ్రేము బద్ద ఒక కొస అంగుళం, రెండో కొస అంగుళానికి అర నూలు తక్కువ ఉందనుకోండి, నలభై అయిదు డిగ్రీల్లో కోసి మూల కలిపేసరికి ఒక బద్ద రెండోదాన్ని దాటి మెట్టులా నిలబడుతుంది. లోపలి అంచు కలిపితే బయటి అంచు కలవదు. రంపప్పొట్టులో ఫెవికాల్ కలిపి ఎన్ని మూలలు పూడ్చానో ఆ దేవుడికే తెలుసు. ఆయన ఆ ఫ్రేముల్లోనే ఉన్నాడు కదా!

మొదటి రెండేళ్లూ నేను చేసిందల్లా టేపు పెట్టి కొలవడమే. బ్లేడు ముందు పన్ను నుంచి గైడుకి ఎంత, వెనక పన్ను నుంచి ఎంత. సరిచేయడం, బిగించడం, కోయడం, మళ్లీ తేడా. ప్రతిసారీ కొలత మారిపోయేది. గైడు తల (బల్ల ముందు రాడ్డు మీద జారే భాగం) మీదున్న రెండు బోల్టుల మూలలు స్పానరు తిప్పీ తిప్పీ గుండ్రంగా అరిగిపోయాయి. మా ఆవిడైతే "ఆ గైడుకి రాసిచ్చిన టైములో సగం నాకిచ్చినా బాగుండేది" అంది. తప్పు నాదేనని అప్పటికి తెలియదు. ఇనుమునే తిట్టుకున్నాను.

ఈలోగా తిత్లీ తుఫాను వచ్చింది. 2018 అక్టోబరు 11న, మా గజపతి జిల్లా వాళ్లెవరూ మరిచిపోని రోజు. మా పెరట్లో పనస చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. మోడుని కోయించి, పలకల మధ్య ముక్కలు పెట్టి వసారాలో పేర్చాను. అంగుళం మందానికి ఏడాది ఆరాలంటారు. ఏడాదిన్నర ఆగాను. పనస చెక్క కొత్తగా కోస్తే పసుపు ముద్దలా ఉంటుంది, ఏళ్లు గడిచే కొద్దీ తేనె రంగుకి తిరుగుతుంది. దాంతో మా నాన్నగారి ఫొటోకి ఫ్రేము చేయాలని ముచ్చట పడ్డాను.

మొదటి బద్ద సగం తోసేసరికి మాడు వాసన వచ్చింది. ఆపి చూస్తే పచ్చటి చెక్క మీద కాటుక గీసినట్టు నల్లటి చార. బ్లేడు మొద్దుబారిందేమో అనుకుని, కొత్తది వేసి రెండో బద్ద తోశాను. ముక్కాలు వంతు వెళ్లాక బద్ద చేతిలో ఒక్కసారి వణికింది, అంతే. తర్వాత నాకు గుర్తున్నది వెనకాల గాజు పగిలిన చప్పుడే. బద్ద నా కుడి మోచేతి పక్కనుంచి దూసుకుపోయి, గోడకి నిలబెట్టిన గాజు పలకల్లో దిగింది. ఆరు పోయాయి. నేను కొంచెం ఎడమకి నిలబడే అలవాటు ఉండబట్టి ఈ సమీక్ష రాస్తున్నాను.

చెక్క ఎందుకు తన్నిందో ఇప్పుడు చెప్పగలను. గైడు వెనక కొస బ్లేడు వైపు వాలి ఉంటే, ముందు అంగుళం ఉన్న సందు వెనక్కి పోయేకొద్దీ ఇరుకవుతుంది. బద్ద రెండింటి మధ్య నొక్కుకుంటుంది. బ్లేడు వెనక వైపు పళ్లు కిందనుంచి పైకి లేస్తాయి కాబట్టి, ఇరుక్కున్న చెక్కని ఎత్తి మన మీదకే విసురుతాయి. ఆ మాడిన చారే ముందస్తు హెచ్చరిక. కోసిన చెక్క మళ్లీ మూసుకోకుండా బ్లేడు వెనక ఉండాల్సిన రివింగ్ నైఫ్ నా మిషనుకి కొన్నప్పుడే లేదు.

ఆ వారమే మా చిన్నమావయ్యగారు, అంటే మా ఆవిడ బాబాయి, పాతపట్నం నుంచి వచ్చారు. నౌపడా నుంచి మా ఊరికి 1900లో పడిన చిన్న రైలు బ్రాడ్‌గేజ్ కాకముందు అందులో ఫిట్టరుగా చేసిన మనిషి. గాజు పెంకులు చూశారు, గైడు చూశారు, టేపు పట్టుకున్న నన్ను చూశారు.

"అల్లుడుగారూ, ఏది కదలదో ముందు అది చూసుకోవాలి కదండీ. ఒక పట్టా నిలబెట్టి రెండోది దానికి సరిచేస్తారు. రెండూ ఊపుకుంటూ కూర్చుంటే రెండున్నర అడుగుల గేజ్ ఎప్పటికి కుదురుతుంది?"

ఈ మిషనులో కదలనిది బల్ల మీదున్న గాడి. చెక్కని కోణంలో ఆనించి తోసే మైటర్ గేజ్ జారే గాడి. దాన్ని పోత ఇనుములోనే చెక్కారు. ఆయన ముందు ప్లగ్గు పీకేశారు. స్విచ్చి ఆపడంతో సరిపెట్టలేదు. బ్లేడుని పూర్తిగా పైకెత్తి ఒక పన్నుకి సుద్దతో గుర్తు పెట్టి, గాడికి ఆనించిన కాంబినేషన్ స్క్వేర్ (జరిపి బిగించే బద్ద ఉన్న మూలమట్టం) బద్ద ఆ పన్నుకి తగిలేలా బిగించారు. తర్వాత బ్లేడుని చేత్తో తిప్పి అదే పన్నుని వెనక్కి తెచ్చి మళ్లీ చూశారు. పావు నూలు తేడా! బ్లేడే గాడికి వంకరగా ఉంది. పైగా పళ్లు ఒకటి ఎడమకి, ఒకటి కుడికి వంగి ఉంటాయి, నేనేమో ముందు ఒక పన్ను, వెనక ఇంకో పన్ను కొలుస్తూ వచ్చాను. రెండేళ్ల పాటు ప్రతిసారీ కొత్త జవాబు వచ్చిందంటే రాదా మరి.

బల్ల కింద బ్లేడు ఇరుసుని మోసే ముక్కకి నాలుగు బోల్టులున్నాయి. మూడు వదులు చేసి, నాలుగోది కాస్త సడలించి, బ్లేడు గాడికి సరిపడేదాకా కొయ్య సుత్తితో తట్టారు. రెండు గంటలు పట్టింది. గైడుకి పదిహేను నిమిషాలే. గాడిలో సరిగ్గా పట్టే టేకు బద్ద ఒకటి చిత్రిక పట్టి, పైకి అరంగుళం లేచి ఉండేలా దించాం. గైడు తల బోల్టులు వదులు చేసి, గైడుని ఆ బద్దకి ఆనించి, గైడుని కదలకుండా పట్టే లీవరు వేసి, అప్పుడు బోల్టులు బిగించాం. వెనక కొస దగ్గర మాత్రం మధ్యలో ఒక జిరాక్స్ కాగితం పెట్టించారు. మిల్లీమీటరులో పదో వంతు వెనక కొస బ్లేడుకి దూరంగా పోతుంది, చెక్క ఇరుక్కోదు. కొందరు పూర్తిగా సమాంతరంగానే పెట్టుకుంటారు, అదీ తప్పు కాదు. బ్లేడు వైపు మాత్రం వెంట్రుకవాసి కూడా రాకూడదు.

గైడు బల్ల మీద నిటారుగా ఉందో లేదో మూలమట్టం పెట్టి చూస్తే పైన సన్నటి వెలుతురు కనిపించింది. గైడు మొహం కూడా మధ్యలో లోపలికి పోయి ఉంది. సన్‌మైకా అంటించిన ప్లైవుడ్ ముక్క దాని ముందు బిగించి, వెనకాల కూల్ డ్రింక్ టిన్ను రేకు దోపి సరిచేశాను. మూలమట్టం లీవరు వేశాకే పెట్టండి. నా గైడు బిగించినప్పుడు కాస్త వాలుతుంది.

మర్నాడు నాలుగడుగుల పనస బద్ద కోసి రెండు కొసలూ పక్కపక్కన పెట్టి వేలితో తడిమాను. గోరుకి కూడా తేడా తగల్లేదు. ఆ సాయంత్రం నేను కొట్టు మూయడం మరిచిపోయానని ఎదురింటాయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

అప్పట్లో అడిగిన ప్రతివాడికీ "ఒకసారి సరిచేస్తే ఇక జన్మలో కదలదు, పోత ఇనుము కదా" అని చెప్పాను. అది కొంచెం తగ్గించుకోవాలి. బల్ల కదలదు, నిజమే. గైడు కదులుతుంది. లీవరు వేసినప్పుడు వెనక కొక్కెం ముందు పట్టేస్తే తల ఎలా ఉంటే అలాగే బిగుసుకుంటుంది. అందుకే ఎడమ అరచేత్తో తలని రాడ్డుకి అదిమి పట్టి, కుడిచేత్తో లీవరు దించాలి. మా కుర్రాడు అలా చేయడు, వాడు కోసిన బద్దలు చూస్తే తెలిసిపోతుంది. రెండు మూడు నెలలకోసారి టేకు బద్ద తీసి మళ్లీ చూస్తాను. వానాకాలంలో మహేంద్రతనయ నిండితే బల్ల మీద రాత్రికి రాత్రే తుప్పు పొర వస్తుంది, కొవ్వొత్తి రుద్దుతూ ఉండాలి. గైడు రాడ్డు మీది స్కేలుని నేను చూడటం మానేసి చాలా కాలమైంది.

కొనమంటారా అని అడిగితే నా జవాబు నా పనికే సరిపోతుంది. నాకు సన్న బద్దలే కావాలి, ఇంటికి మావయ్యగారి లాంటి మనిషి వస్తూ పోతూ ఉంటారు. ఎనిమిది బై నాలుగు ప్లై షీట్లు కోసేవాళ్లకి ఈ గైడు పనికిరాదు, నేనే అవి బయట కోయించుకుంటాను. రోజంతా మిషను ఆడాల్సిన పనైతే కొత్త రకం గైడున్నదే చూసుకోండి. పాతది చూడ్డానికి వెళ్తే మాత్రం మోటారు శబ్దం విని మురిసిపోకుండా గాడిలో వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి లాగండి. అంచులు అరిగి వదులుగా ఉంటే నేనైతే బేరం ఆడకుండా వచ్చేస్తాను.