సిక్కోలు (శ్రీకాకుళం) నుంచి విజయవాడకు విమానం: గాల్లో 46 నిమిషాలు, ఇంటి నుంచి ఆరున్నర గంటలు

మా చెల్లి విజయవాడ పక్కన పోరంకిలో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి అమ్మను తీసుకెళ్లాలి. అమ్మకు 74 ఏళ్లు, మోకాళ్లు బాగా అరిగిపోయాయి. మాకు దగ్గరి స్టేషన్ ఆమదాలవలసలో రైలెక్కితే విజయవాడ దాదాపు 480 కిలోమీటర్లు, తక్కువలో తక్కువ ఎనిమిది గంటలు. అంతసేపు కూర్చోలేదని ఈసారి విశాఖ నుంచి విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి విమానం టికెట్లు తీశాను.

ఈ రెండు విమానాశ్రయాల మధ్య గాల్లో దూరం సుమారు 290 కిలోమీటర్లే. రోడ్డు మీదైతే 350 దాకా ఉంటుంది. మేం ఎక్కింది ఏటీఆర్ 72, పంకాలు తిరిగే చిన్న విమానం. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. టికెట్ మీద గంటా ఐదు నిమిషాలు అని ఉంది. నేను ఫోన్‌లో టైం చూసి రాసుకున్నాను: లేచింది 9.52కి, దిగింది 10.38కి. మిగతా టైం రన్‌వే దాకా పోవడానికి, దిగాక ఆగేచోటికి రావడానికి.

కానీ మా లెక్క శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మొదలవుతుంది. కారులో 5.30కి బయల్దేరాం. ఆనందపురం దాకా ఇబ్బంది లేదు. విశాఖ నగరంలో హనుమంతవాక నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ వరకు మాత్రం ప్రతి సిగ్నల్ దగ్గరా టెన్షనే, ఎందుకంటే చెకిన్ గంట ముందే ఆపేస్తారు. చేరేసరికి ఎనిమిదయింది. గన్నవరంలో దిగి, సామాను తీసుకుని, పోరంకి ఇంటి గుమ్మం ఎక్కేసరికి 11.55. స్టేషన్‌కు వెళ్లడం, దిగాక ఇంటికి చేరడం కూడా కలిపితే రైలు మీద మాకు మిగిలింది దాదాపు మూడు గంటలు. విజయనగరం వాళ్లకు విశాఖ విమానాశ్రయం 60 కిలోమీటర్లే కాబట్టి కారు ప్రయాణం ఇంకో గంట తగ్గుతుంది.

ఆ మూడు గంటల కోసం ఇంత ఖర్చు అవసరమా అంటే, వయసులో ఉన్నవాళ్లకు అక్కర్లేదు. విశాఖలో వందేభారత్ ఎక్కితే విజయవాడకు నాలుగు గంటలే. అమ్మ లాంటి వాళ్లకు మాత్రం తప్పకుండా పెట్టాలి. టికెట్ తీసినప్పుడే వీల్‌చైర్ కావాలని పెట్టండి. ఈ విమానానికి ఎక్కే తలుపు వెనక ఉంటుంది, అందుకని వెనక వరుస సీట్లు తీసుకుంటే లోపల నడక తగ్గుతుంది. పంకాల పక్క సీట్లలో రొద ఎక్కువ.

రెక్కలు కిటికీలకు పైన ఉండటంతో నేల బాగా కనిపిస్తుంది. రాజమండ్రి దగ్గర గోదావరి, దాని మీద వంతెనలు కనిపించగానే అమ్మ రెండు చేతులూ జోడించింది. రైల్లో అయితే రూపాయి వేసేది. ఆ రూపాయి కొంగున ముడేసుకుని, “తిరిగొచ్చినప్పుడు రైల్లోనే వద్దామే, ఒక్కసారికి ఓర్చుకుంటాను” అంది. గన్నవరంలో దిగుడు కాస్త కుదుపుగా ఉన్నా భయపడలేదు. “ఏటే, అప్పుడే వచ్చేసిందేటి?” అని అడిగింది.

విశాఖ వెళ్లే దారిలో, కొత్త విమానాశ్రయానికి ఎంచుకున్న భోగాపురం దాటాం. మాకు విశాఖ విమానాశ్రయంతో పోలిస్తే అది సగం దూరమే. గన్నవరం విమానం అక్కడి నుంచి దొరికితే, అమ్మను ఉదయం ఐదున్నరకు లేపి కారెక్కించక్కర్లేదు. ఏడింటికి ఇంట్లో టిఫిన్ తినిపించి బయల్దేరొచ్చు.