కమిషన్ లేని సలహా: బరంపురంలోని ఒక ఆర్థిక ప్రణాళికా సేవపై సమీక్ష

ఒడిశాలోని బరంపురంలో డబ్బు గురించి సలహా చెప్పేవారికి కొదవ లేదు. బీమా ఏజెంటు, బ్యాంకు అధికారి, నగల దుకాణంలో నెలవారీ స్కీము పుస్తకం చేతిలో పెట్టే గుమాస్తా, అందరూ సలహా ఉచితంగానే ఇచ్చి, ప్రతిఫలాన్ని అమ్మిన పథకంలోంచి రాబట్టుకుంటారు. ఇందుకు భిన్నంగా, పెట్టుబడుల మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ వద్ద పెట్టుబడి సలహాదారుగా నమోదై, మన దగ్గర తీసుకునే రుసుముపైనే నడిచే ఒక చిన్న కార్యాలయం సేవలను మా కుటుంబం నిరుడు తీసుకుంది. రుసుము ఏడాదికి రూ.12,000, నగదు తీసుకోరు, బ్యాంకు ద్వారానే చెల్లించాలి. ఇటువంటివారి నమోదు సంఖ్య ఐఎన్‌ఏ అక్షరాలతో మొదలవుతుంది. ఏఆర్‌ఎన్ సంఖ్య మాత్రమే చూపేవారు మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్లు, అంటే ఫండ్లు అమ్మి కమిషన్ పొందేవారు. చేరేముందు సలహాదారు ఐఎన్‌ఏ సంఖ్యను సెబీ వెబ్‌సైటులో సరిచూసుకోవడం మంచిది.

ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చినది, ఏ పథకం పేరూ ఎత్తకముందే ఇంటి లెక్కలు అడిగి తెలుసుకున్న తీరు. మాది పట్టుచీరల వ్యాపారం కనుక ముహూర్తాల నెలల్లో రాబడి ఎక్కువ, ఆషాఢంలో దాదాపు శూన్యం. అందువల్ల ప్రతి నెలా ఒకే మొత్తం మదుపు చేయమనకుండా, ముందు దుకాణం గల్లాపెట్టెతో కలవని అత్యవసర నిధిని ఏర్పరచుకోమని, సిప్ మొత్తాన్ని, అంటే నెలనెలా ఫండులో వేసే సొమ్మును, మందకొడి నెలలో కూడా భరించగలిగినంతకే పరిమితం చేసి, పెళ్లిళ్ల కాలంలో మిగిలినది విడిగా జమ చేయమని సూచించారు. పాత బీమా పాలసీలను కూడా ఒకే గాటన కట్టలేదు. గడువు దగ్గర పడినవాటిని కొనసాగించి, చాలా ఏళ్లు మిగిలినవాటిలో కొన్నింటిని పెయిడప్ చేసి (ఇక ప్రీమియం కట్టకుండా తగ్గిన బీమా మొత్తంతో ఉంచేసి), ఆ ప్రీమియం డబ్బులో కొంతతో మావారి పేర టర్మ్ పాలసీ (గడువులోగా మరణిస్తేనే సొమ్ము వచ్చే బీమా) తీసుకోమన్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమాపై జీఎస్టీ తొలగిపోవడం కూడా ఇందుకు కలిసివచ్చింది.

మా మామగారు ఒకే సహకార బ్యాంకులో పెట్టిన డిపాజిట్లను చూపించినప్పుడు, ఒక బ్యాంకులో ఒక వ్యక్తికి అసలు, వడ్డీ కలిపి రూ.5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంటుందని వివరించి, మిగిలినది వేరే బ్యాంకులకు మార్చమన్నారు. ఎవరి మాటా సులభంగా వినని ఆయన ఈ ఒక్క మాట విన్నారు. ఫండ్ల విషయంలో, మధ్యవర్తి లేకుండా ఫండ్ సంస్థ నుంచే నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్లనే సూచించారు. రెగ్యులర్ ప్లానులో డిస్ట్రిబ్యూటరుకు చేరే కమిషన్ ఏటా మన పెట్టుబడిలోంచే కోత పడుతుంది.

లోపాలూ ఉన్నాయి. మాటలన్నీ తెలుగులోను, ఒడియాలోను సాగినా, చివరకు చేతికిచ్చిన నివేదిక మాత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. డిపాజిట్లు ఎవరి పేర ఉన్నాయో ఆ అత్తమామలే దానిని చదవలేరు. బంగారాన్ని అంతటినీ కదలని పెట్టుబడిగా లెక్కకట్టడం కూడా నాకు సమ్మతం కాలేదు, ఎందుకంటే ఆడపిల్ల పెళ్లికి దాచినది మా ఇంట్లో లాభనష్టాల పద్దులోకి రాదు. అయితే నగల దుకాణాల స్కీముకు డిపాజిట్ బీమా వర్తించదని వారు చేసిన హెచ్చరిక సబబైనదే. ఖాతాలు తెరవడం, దరఖాస్తులు నింపడం మనమే చేసుకోవాలి. పెద్దవారు మాత్రమే ఉన్న ఇంటికి ఇది చిన్న ఇబ్బంది కాదు. పన్ను రిటర్నుల గడువు సమీపించిన రోజుల్లో ఫోనుకు జవాబు కూడా ఆలస్యంగా వచ్చేది.

పదేళ్లలోపు కూతురికి సుకన్య సమృద్ధి ఖాతా, తమకు ఒక పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాలిక పొదుపు) ఖాతా చాలనుకునే కుటుంబానికి ఈ రుసుము అనవసరం. తపాలా కార్యాలయంలోనే ఆ పని పూర్తవుతుంది. వ్యాపార రాబడి, పాత పాలసీలు, పలుచోట్ల డిపాజిట్లు చిక్కుపడి ఉన్న ఇళ్లకు మాత్రం, ఇచ్ఛాపురం నుంచి వచ్చి వెళ్లవలసి వచ్చినా, ఖర్చుకు తగిన ఫలితం ఉంటుంది. రెండో ఏడాది పూర్తి ప్రణాళిక అవసరం లేదని వారే చెప్పి, పునఃపరిశీలనకు సగం రుసుమే అడిగారు. తెలుగులో ఒక పుట సారాంశం కూడా జతచేయాలన్న షరతుతో మేము కొనసాగించాము.